కథ చదువుతూ లెక్క కట్టండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కథలూ నవలలూ చదివి అర్థశాస్త్రం నేర్చుకోవచ్చా అని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ నెల జవాబులిస్తున్నాం.

ప్రశ్న: బీఏ ఎకనామిక్స్ రెండో ఏడు చదువుతున్నాను. సూత్రాలు బట్టీ పడతాను, పరీక్ష అవగానే మరిచిపోతాను. కథలు చదివితే సబ్జెక్టు వంటబడుతుందని మా లెక్చరర్ గారు అన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? పాఠ్యపుస్తకం పక్కన పెట్టేయవచ్చా?
— ఒక విద్యార్థిని, ఒంగోలు

జవాబు: పాఠ్యపుస్తకం పక్కన పెట్టకండమ్మా. డిమాండ్ రేఖ ఎందుకు కిందికి వాలుతుందో ఏ కథా గీసి చూపించదు. ఒక ధర, ఒక వడ్డీ, ఒక కూలి రేటు మనిషి ముందున్న దారుల్లో వేటిని మూసేస్తుందో చూపించడం కథ పని. అది అందాలంటే చేతిలో పెన్సిలు ఉండాలి. అంకె కనిపించిన చోటల్లా ఆగి లెక్క కట్టాలి.

ప్రేమ్‌చంద్ హిందీ కథ ‘సవా సేర్ గేహూఁ’తో మొదలుపెట్టండి. చాలా చిన్న కథ. శంకర్ అనే రైతు, ఇంటికొచ్చిన సాధువుకు రొట్టెలు పెట్టడం కోసం ఊళ్లో విప్రుడి దగ్గర సేరుంబావు గోధుమలు అప్పు తెస్తాడు. పంట వచ్చాక కళ్లంలో విప్రుడికి ఏటా ఇచ్చే గింజల కంటే కాస్త ఎక్కువ కొలిచి, బాకీ తీరిందనుకుంటాడు. ఆ మాట పైకి మాత్రం చెప్పడు. ఏడేళ్ల తర్వాత విప్రుడు పిలిచి, అయిదున్నర మణుగుల గోధుమలు రావాలంటాడు.

ఇక్కడ పుస్తకం మూసి లెక్క కట్టండి. ఆ ప్రాంతపు మణుగుకు 40 సేర్లు. అంటే 220 సేర్లు. తెచ్చింది 1.25 సేర్లు. 176 రెట్లయింది. బాకీ ఏటా రెట్టింపు అవుతూ పోయినా ఏడేళ్లకు 160 సేర్లే అవుతుంది. తర్వాత కథలో గింజల బాకీని 60 రూపాయలకు మార్చి పత్రం రాయించుకున్నప్పుడు వేసిన వడ్డీ నూటికి 3 రూపాయలు. దాన్ని మన వాడుక ప్రకారం నెలకు అనుకుంటే ఏడాదికి 36 శాతం. ఆ రేటును మొదటి గింజలకే వేసి చూడండి. బారువడ్డీ అయితే ఏడేళ్లకు 4.4 సేర్లు. ఏడాదికోసారి అసలులో కలిపే చక్రవడ్డీ అయితే పావు తక్కువ 11 సేర్లు. అడిగింది 220.

వడ్డీ రేటు ఎంత ఘోరంగా ఉన్నా ఈ తేడాకు అది చాలదు. ఈ సంగతి లెక్క కట్టినవాళ్లకే తెలుస్తుంది, ఊరికే కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లకు తెలియదు. మిగతాదంతా పద్దు ఎవరి చేతిలో ఉంది, చెల్లుకు రసీదు ఉందా, కాదంటే ఏమవుతుంది అన్న మూడింటి నుంచి వస్తుంది. పద్దు విప్రుడిది. రసీదు లేదు. కాదంటే పరలోకంలో కట్టాల్సి వస్తుందన్న భయం. కోర్టూ జప్తూ అక్కర్లేకుండానే బాకీ వసూలవుతుంది.

తర్వాత శంకర్ ఏడాదంతా కడుపు కట్టుకుని, పొగాకు కూడా మానేసి 60 రూపాయలు కూడబెట్టి తెస్తాడు. వడ్డీ కింద ఇంకో 15 కావాలంటాడు విప్రుడు. విప్రుడికి జడిసి ఊళ్లో ఎవరూ చేబదులు ఇవ్వరు. అప్పటినుంచి శంకర్ పొదుపు పూర్తిగా మానేస్తాడు. దీన్ని తెలివితక్కువతనం కింద చదివితే పాఠం చేజారుతుంది. మిగిల్చిన ప్రతి రూపాయీ అప్పిచ్చినవాడి ఇంటికే పోతుందని, అయినా బాకీ తీరదని తేలాక ఎవరికీ మిగల్చాలనిపించదు. మోయలేనంత అప్పు కష్టపడి పనిచేయాలన్న కోరికనే చంపేస్తుందని అర్థశాస్త్రం దేశాల అప్పుల గురించి కూడా చెబుతుంది. చివరికి, తెచ్చిన 60 పోనూ ఇంకా 120 రూపాయలు బాకీ అని విప్రుడు లెక్క చూపిస్తే, శంకర్ రోజుకు అరసేరు బార్లీకి విప్రుడి ఇంట్లో వెట్టి చేస్తాడు, 20 ఏళ్లు. ఆ పని వడ్డీకే చెల్లు. 120 రూపాయల అసలు అలాగే ఉండగా చనిపోతాడు, కొడుకు మెడకు అది తగులుకుంటుంది. కథ అయ్యాక 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం తీసి చదవండి. వెట్టితో పాటు ఆ వెట్టికి మూలమైన అప్పును కూడా ఎందుకు రద్దు చేయాల్సి వచ్చిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ప్రశ్న: ‘కన్యాశుల్కం’ సంఘ సంస్కరణ నాటకం కదా. దాన్ని అర్థశాస్త్రంగా చదవడం అతి అనిపించదా?
— రిటైర్డ్ తెలుగు పండితులు, విజయనగరం

జవాబు: అతి కాదండీ. పేరులోనే శుల్కం ఉంది. గురజాడ వారు 1897 నాటి మొదటి కూర్పుకు ఇంగ్లీషులో రాసిన ముందుమాట చూడండి. విజయనగరం మహారాజా వారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లపాటు జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించారని, అవి 1,034 తేలాయని అందులో ఉంది. అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లలకు పలికిన ధర 350 నుంచి 400 రూపాయలు. నాటకానికి ముందు గణాంకాలు పెట్టిన రచయిత ఆయన.

ఇప్పుడు నాటకంలోకి వెళ్లండి. అగ్నిహోత్రావధాన్లు కూతురు సుబ్బికి, ముసలి లుబ్ధావధాన్లుకు కుదిరిన బేరం 1800. ఒక పసిపిల్లకు అంత ధర ఎందుకు పలుకుతుంది? తండ్రి దురాశ అన్న జవాబుతో ఆగిపోకండి. దురాశ అన్ని కాలాల్లోనూ ఉంటుంది, ధర మాత్రం కొన్ని కాలాల్లోనే ఉంటుంది. భార్య చనిపోయిన మగవాడు ఎన్నిసార్లయినా పెళ్లికి రావచ్చు. భర్త చనిపోయిన ఆడది, సుబ్బి అక్క బుచ్చమ్మలా ఎంత చిన్నదైనా, మళ్లీ రాకూడదు. వరుల వైపు పాతవాళ్లు తిరిగి వచ్చి చేరుతుంటారు, వధువుల వైపు ఒకసారి వెళ్లినవాళ్లకు తలుపు మూసేస్తారు. గిరాకీ పెరిగి సరఫరా తగ్గితే ధర ఎటు పోతుందో ఇంటర్ విద్యార్థి కూడా చెబుతాడు. వితంతు వివాహమూ శుల్కమూ రెండు వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి గానీ, ఒకదాన్ని ఆపితే రెండోది పెరుగుతుంది.

ఈ పెళ్లి తప్పించాలని సుబ్బి మేనమామ కరటకశాస్త్రి ఆడవేషం వేసిన శిష్యుణ్ని తెచ్చి తక్కువ ధరకు చూపించగానే లుబ్ధావధాన్లు పాత సంబంధం వదిలేయడానికి సిద్ధపడతాడు. చవకైన ప్రత్యామ్నాయం దొరికితే కొనేవాడు జారుకుంటాడన్న సూత్రం అక్కడ ఉంది. సరుకు గురించి అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియకపోతే ఏమవుతుందో కూడా ఆ వేషంలోనే ఉంది. రామప్పంతులు లాంటి మధ్యవర్తి బతికేది ఆ తెలియనితనం మీదే.

ఒక జాగ్రత్త. ముందుమాటలోని 350నూ నాటకంలోని 1800నూ పక్కపక్కన పెట్టి, ఆడపిల్ల వయసుతో ధర ఇంతింత పెరిగింది అని సూత్రం కట్టకండి. ఒకటి నమోదైన సమాచారం, రెండోది పాత్రల మధ్య బేరం.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. మా అమ్మాయికి హైస్కూల్లో స్టైన్‌బెక్ నవల ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’ పాఠంగా పెట్టారు. జనం ఆకలితో ఉంటే నారింజ పళ్ల మీద కిరసనాయిలు పోయడం ఏమిటని అడుగుతోంది. రచయిత కోపంతో కల్పించారా?
— ఒక తండ్రి

జవాబు: ఆహారాన్ని నాశనం చేయడం కల్పన కాదు. అమెరికాలో 1933 వ్యవసాయ సర్దుబాటు చట్టం వచ్చాక ధరలు నిలబెట్టడం కోసం ప్రభుత్వమే రైతులకు డబ్బిచ్చి సాగు తగ్గించింది. ఆ ఏడాదే దాదాపు 60 లక్షల పందులను కొని చంపించింది. 1939లో ఈ నవల వచ్చేనాటికి చదివేవాళ్లకు అవన్నీ నిన్నటి వార్తలు.

అమ్మాయికి ఇలా చెప్పి చూడండి. అంకెలు మేం అనుకున్నవి. పంట 100 పెట్టెలు, పెట్టె 10 డాలర్లయితే రాబడి 1000. దిగుబడి 120 పెట్టెలయి ధర 7కు పడితే రాబడి 840. పంట పెరిగింది, డబ్బు తగ్గింది. ధర పడినంత మాత్రాన జనం రెట్టింపు పళ్లు తినరు కాబట్టి ఇలా అవుతుంది. దీన్నే డిమాండ్ వ్యాకోచత్వం తక్కువగా ఉండటం అంటారు. 20 పెట్టెలు మార్కెట్‌కు రాకుండా చేస్తే 160 డాలర్లు మిగులుతాయి. అయితే చెట్టునే వదిలేస్తే సరిపోదా, పోగేసి కిరసనాయిలు పోయడం దేనికి? ఆకలితో ఉన్నవాళ్లు ఉచితంగా ఏరుకుపోతే ఆ మేరకు కొనేవాళ్లు తగ్గుతారు. కిరసనాయిలు ఆ ఏరుకోవడాన్ని ఆపడానికి.

మదనపల్లె, పత్తికొండ మార్కెట్లలో ధర పడిపోయినప్పుడు టమాటా రోడ్డు మీద పారబోయడంతో దీన్ని ఒకటిగా చూడకండి. మన రైతుకు కోత కూలీ, ఆటో కిరాయి, మార్కెట్ కమీషన్ కలిపి పెట్టెకు అయ్యే ఖర్చు వచ్చే ధర కంటే ఎక్కువయితే కోయడమే నష్టం. అతను పారబోసినా రాష్ట్రం మొత్తం మీద ధర కదలదు. ధరను కదిలించగలిగినంత పెద్ద తోటల యజమానులు కలిసి చేసే పని వేరు. నవలలో ఉన్నది ఈ రెండోది.

కూలి సంగతి ఇంకా బాగా రాశాడు. 800 మంది కూలీలు కావలసిన వాడు 5,000 కరపత్రాలు అచ్చు వేయిస్తే వాటిని 20,000 మంది చూస్తారని ఒక పాత్ర చెబుతుంది. ఎక్కువ మంది చేరితే రేటు దించవచ్చు. పని కోసం కాలిఫోర్నియాకు వలస వచ్చిన జోడ్ కుటుంబం పీచ్ తోటలో పెట్టెకు 5 సెంట్ల చొప్పున కోస్తుంది. అందరూ కలిసి 20 పెట్టెలు కోస్తే ఒక డాలర్. ఆ డాలర్‌ను తోటలోని కొట్లోనే ఖర్చు పెట్టాలి, అక్కడ ధరలు పట్నంలో కంటే ఎక్కువ. ఎందుకంటే పట్నం వెళ్లి రావడానికి పెట్రోలు ఖర్చవుతుంది. కొట్టువాడు తన ధరను ఆ పెట్రోలు ఖర్చు వరకు పెంచగలడు, అంతకు మించితే జనం పట్నం వెళ్తారు. తల్లి ఆ కొట్లో సరుకులు కొనే పేజీలను అమ్మాయి చేత రెండుసార్లు చదివించండి. గేటు బయట సమ్మె చేస్తున్నవాళ్లకు ఇవ్వజూపిన రేటు రెండున్నర సెంట్లు. లోపలివాళ్లకు 5 ఇస్తున్నది సమ్మె విరిగే దాకానే.

ప్రశ్న: అర్థశాస్త్రం నేర్పడానికే రాసిన డిటెక్టివ్ నవలలు ఉన్నాయట, నిజమేనా?
— ఖమ్మం పాఠకుడు

జవాబు: ఉన్నాయి. మార్షల్ జెవన్స్ అన్న కలం పేరుతో విలియం బ్రైట్, కెనెత్ ఎల్జింగా అనే ఇద్దరు ఆచార్యులు రాశారు. మొదటిది ‘మర్డర్ ఎట్ ద మార్జిన్’, 1978లో వచ్చింది. హెన్రీ స్పియర్‌మన్ అనే హార్వర్డ్ ప్రొఫెసర్, ఎవరి ప్రవర్తన వాళ్ల ఖర్చు వెచ్చాల లెక్కకు పొసగడం లేదో చూసి హంతకుణ్ని పట్టుకుంటాడు. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1832 నుంచి 1834 దాకా హారియెట్ మార్టినో ఇంగ్లండులో ఆర్థిక సూత్రాలను వరుస కథలుగా రాసింది. సూత్రం కోసం పుట్టిన కథల్లో పాత్రలు పలచగా ఉంటాయి, రచయిత నమ్మిన సూత్రం ఎప్పుడూ ఓడిపోదు. అవకాశ వ్యయం (ఒకటి ఎంచుకున్నందుకు వదులుకున్నదాని విలువ), ఉపాంత ప్రయోజనం (ఇంకొక్కటి అదనంగా దొరికితే కలిగే మేలు) లాంటి మాటలు అలవాటు కావడానికి ఒకటి చదవండి, చాలు.

ప్రశ్న: గ్రూప్-2కు తయారవుతున్నాను. ఈ చదువు మార్కులు తెస్తుందా?
— హనుమకొండ

జవాబు: నేరుగా తేదు. పరీక్ష ఆర్నెల్లలో ఉంటే రాష్ట్ర సామాజిక ఆర్థిక సర్వే, బడ్జెట్ పత్రాలు చదవండి.

ప్రశ్న: జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. క్లాసులో తెలుగు కథలతో పాఠం చెప్పాలని ఉంది. ఏవి ఎంచుకోవాలి, ఎలా నడపాలి, ఎక్కడ దెబ్బ తింటాం?
— అధ్యాపకురాలు, శ్రీకాకుళం

జవాబు: మీ జిల్లా నేల మీదే కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ ఉంది. సుందరపాలెంలో అప్పల్రాముడి బాకీ మీద పంచాయితీ. ఊరు బాగుపడటం, ఒక కుటుంబం చితికిపోవడం ఒకే కాలంలో ఎలా జరిగాయో పిల్లలు కాలక్రమంలో రాయాలి. కథ పెద్దది, ముగింపు భరించడం కష్టం. ముందుగా ఇంట్లో చదివించి, క్లాసుకు రెండు పీరియడ్లు కేటాయించండి. రావిశాస్త్రి గారి ‘ఆరు సారా కథలు’ మద్యనిషేధం నాటి దొంగసారా వ్యాపారానికి సాటిలేనివి. అక్కడ వేయాల్సిన లెక్క చిన్నది. నాలుగు దఫాల సరుకులో ఒక దఫా పట్టుబడుతుందనుకోండి. దఫాకు ఖర్చు వంద రూపాయలయితే నాలుగింటి ఖర్చు 400ను మూడింటి మీదే రాబట్టాలి. దఫాకు 133 దాటితే గానీ అసలు గిట్టదు. ఆపైన మామూళ్లు, జైలుకు వెళ్లినవాడి ఇంటి ఖర్చు. ఇదంతా తాగేవాడు కట్టే ధరలోకి వస్తుంది. 1995 జనవరి నుంచి 1997 దాకా ఆంధ్రప్రదేశ్‌లో అమలైన సంపూర్ణ మద్యనిషేధం గురించి ఇంట్లో పెద్దలను అడిగి రమ్మనండి.

క్లాసును అయిదుగురేసి జట్లుగా విడగొట్టండి. ఒక్కో జట్టుకు ఒక కాగితం. దాని మీద ఎవరు ఎవరికి ఎంత ఇస్తున్నారు, ఆ మనిషికి వేరే దారి ఏముంది, నష్టం వస్తే ఎవరి నెత్తిన పడుతుంది, ఒప్పందం తప్పితే ఎవరు అమలు చేస్తారు అన్నవి రాయించండి. మొదటి పీరియడ్‌లో సిద్ధాంతం పేరు మీ నోటి నుంచి రాకూడదు. ఇక్కడే ఎక్కువ మంది తప్పటడుగు వేస్తారు. వడ్డీ సిద్ధాంతం ముందు చెప్పి కథ ఇస్తే పిల్లలు కథ చదవరు, ఉదాహరణలు వెతుకుతారు. వెతికినవి దొరుకుతాయి, కొత్తది ఏదీ కనపడదు.

రెండో దెబ్బ, ఒక్క కథను దేశం మొత్తానికి రుజువుగా తీసుకోవడం. కథ పక్కన ఎప్పుడూ ఒక గణాంకం ఉండాలి. జాతీయ నమూనా సర్వే 77వ రౌండ్ ప్రకారం 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయి, దేశం సగటు 50.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో సగటు అప్పు రెండు లక్షల 45 వేలు. ఈ అంకె అప్పు పత్రం ఎవరి బీరువాలో ఉందో చెప్పదు, అది కథ చెబుతుంది. వందలో ఎందరు అన్నది కథ చెప్పలేదు. పిల్లల చేత రెండూ ఒకే పేజీలో రాయించండి.

పాత రూపాయలను నేటి రూపాయల్లోకి మార్చే సరదా ఇంకొకటి. బంగారం ధరతో మారిస్తే ఒక జవాబు, బియ్యం ధరతో మారిస్తే మరొకటి, కూలి రేటుతో ఇంకొకటి వస్తుంది. ఆ పుస్తకంలోనే కూలో జీతమో వెతికి, ఎన్ని రోజుల పని అని కొలవడం మేలు. జేన్ ఆస్టెన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ (1813) ఇందుకు చక్కటి ఆధారం. అందులో బింగ్లీ అనే ధనిక యువకుడి ఆస్తి లక్ష పౌండ్లకు దగ్గర, ఏటా రాబడి నాలుగైదు వేలు. అంటే 4 నుంచి 5 శాతం. నాయిక ఎలిజబెత్‌కు వచ్చేది 4 శాతం బాండ్లలో వెయ్యి పౌండ్లు, అదీ తల్లి తర్వాత. ఏడాదికి 40 పౌండ్లు. ఆమెను పెళ్లాడే డార్సీ రాబడి 10,000. 250 రెట్ల తేడా, ఏ మారకపు రేటూ అక్కర్లేదు. ఆ కాలంలో పెళ్లి ఎందుకంత పెద్ద ఆర్థిక నిర్ణయమో ఆ అంకెలే చెబుతాయి.

చివరగా, ప్రతి కథలోనూ గూఢార్థం వెతకకండి. 1900 నాటి పిల్లల నవల ‘ద వండర్‌ఫుల్ విజార్డ్ ఆఫ్ ఆజ్’లో పసుపు ఇటుకల దారి బంగారు ప్రమాణమని (డబ్బు విలువను బంగారానికి ముడిపెట్టే పద్ధతి), వెండి చెప్పులు వెండిని కూడా నాణేలుగా చెలామణీ చేయాలన్న ఉద్యమమని చాలా క్లాసుల్లో చెబుతారు. ఆ అన్వయాన్ని 1964లో హెన్రీ లిటిల్‌ఫీల్డ్ అనే ఉపాధ్యాయుడు పాఠం చెప్పడానికి వీలుగా ఉంటుందని ప్రతిపాదించాడు. రచయిత అలా ఉద్దేశించాడన్నదానికి ఆధారం లేదు. పాఠం గుర్తుండటానికి వాడుకోండి, చరిత్రగా చెప్పకండి.

ప్రశ్న: మాది నరసరావుపేటలో మూడు తరాల బట్టల కొట్టు. పెద్ద షాపింగ్ మాల్ వచ్చాక కొనేవాళ్లు తగ్గారు. వాళ్లు కొన్న ధర కంటే తక్కువకు ఎలా అమ్ముతున్నారో అంతుపట్టడం లేదు. ఇది చెప్పే నవల ఏదైనా ఉందా?
— ఒక వ్యాపారి

జవాబు: ఉంది. ఫ్రెంచి రచయిత ఎమిల్ జోలా 1883లో రాసిన ‘ఓ బోనర్ దే దామ్’. పారిస్‌లో ఒక పెద్ద దుకాణం లేచి, చుట్టుపక్కల పాత బట్టల కొట్లను ఒక్కొక్కటిగా మింగేసే కథ. ఇంగ్లీషు అనువాదాలు దొరుకుతాయి.

యజమాని మూరే ఒక రకం పట్టుగుడ్డను 5 ఫ్రాంకుల 60 సెంటీములకు, తెలిసే నష్టానికి అమ్ముతాడు. ఆ ధర చూసి లోపలికి వచ్చినవాళ్లు దారిలో లేసులు, గొడుగులు, చేతి తొడుగులు కొంటారు. పట్టు మీద పోయింది వాటి మీద వస్తుంది. రెండోది సరుకు తిరిగే వేగం. అయిదు లక్షల ఫ్రాంకుల పెట్టుబడిని ఏడాదిలో నాలుగుసార్లు తిప్పితే 20 లక్షల వ్యాపారం అని మూరే లెక్క చెబుతాడు. మీ కొట్టుకు వేసుకుని చూడండి. పది లక్షల సరుకు ఏడాదికి ఒక్కసారే తిరిగి, మీకు 15 శాతం మిగిలితే లక్షన్నర. అదే సరుకు నాలుగుసార్లు తిరిగితే 5 శాతం చాలు, రెండు లక్షలు. వంద రూపాయల సరుకును మీరు 115కు అమ్మేచోట అతను 105కు అమ్మినా, ఏడాది మీద అతనికే ఎక్కువ మిగులుతుంది.

కాబట్టి ధరలో అతనితో పోటీ పడకండి. ఆ నవలలో గొడుగుల కొట్టు ముసలాయన బూర్రా పట్టుదలకు పోయి అలాగే దిగిపోతాడు. మీ బీరువాల్లో ఆర్నెల్లు దాటి కదలని సరుకు ఎంతుందో ముందు లెక్క తీయండి. దాన్ని కొన్న ధరకే అయినా వదిలించుకుని, ఆ డబ్బును నెలలో తిరిగే సరుకు మీద పెట్టండి. జాకెట్ ముక్కలు, లైనింగులు, ఫాల్స్, స్కూలు యూనిఫారాల కొలత పని లాంటివి మాల్‌లో కంటే మీ దగ్గర త్వరగా తిరిగే అవకాశం ఉంది. మూడు నెలలు ఏ రకం ఎన్నిసార్లు తిరిగిందో రోజువారీ పుస్తకంలో రాసి, ఆ పేజీల నకలు పంపితే దాని మీద విడిగా రాస్తాం.